వెళ్ళడం వేరు, ఉండిపోవడం వేరు

కృష్ణపట్నంలో సముద్రం చూద్దామని పోతే ముందు కనపడేది బొగ్గు. రేవులో ఓడల నుంచి దిగిన బొగ్గు గుట్టలు, కాస్త ఎడంగా నేలటూరు థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు, వరసగా నిలబడ్డ లారీలు. ఇవన్నీ దాటుకుని, తాటిచెట్ల పక్కనుంచి ఇసుకలో నడిస్తే అప్పుడు సముద్రం.

2021 ఆగస్టు ఆఖర్లో నలుగురం అక్కడికి వెళ్ళాం. ఆనందయ్య మందుతో ఆ ఊరి పేరు దేశమంతా మోగిన ఏడాది అది. మేం వెళ్ళేసరికి ఆ సందడి సద్దుమణిగింది. అందరి ఫోన్లలోనూ వేరే బొమ్మలు తిరుగుతున్నాయి. కాబూల్ విమానాశ్రయం, కదులుతున్న విమానం వెంట పరిగెడుతున్న మనుషులు. అమెరికా ఇరవై ఏళ్ళు ఉండి వెళ్ళిపోతోంది. అసలు పోకుండా ఉండాల్సింది అన్నాడు ఒకడు. పోయారు సరే, ఇంకో పదేళ్ళు ఉండాల్సింది, ఆడపిల్లల్ని అలా వదిలేసి ఎలా వస్తారు అన్నాడు ఇంకొకడు. మా నెల్లూరు మిత్రుడు మాత్రం తేలిగ్గా తేల్చేశాడు: "మనకెందుకబ్బా ఆ గొడవ. మనం ఎప్పుడన్నా ఇంకో దేశం మీదికి పోయినామా?"

సముద్రానికి ఎదురుగా నిలబడి ఉన్నాం కాబట్టి నేను కుడిచేతి వైపు, దక్షిణానికి చూపించాను. అటు పోయాం. నెల్లూరు నుంచి హైదరాబాదు ఎంత దూరమో, ఆ ఒడ్డు నుంచి జాఫ్నా ఇంచుమించు అంతే దూరం. అక్కడ మన సైన్యం 32 నెలలు ఉంది. సుమారు 1,200 మంది సైనికులు తిరిగి రాలేదు. మా వాడికి ఆ సంగతి తెలీదు. వాడి తప్పు కాదు. మన స్కూలు పుస్తకాల్లోనూ, మన సినిమాల్లోనూ అది దాదాపు లేదు. మనం ఎవరి మీదికీ పోని జాతి అని చెప్పుకోవడం అలవాటైపోయి, పోయిన ఆ ఒక్కసారినీ ఇంట్లో ఎవరూ ఎత్తని విషయంలా పక్కన పెట్టేశాం.

ఆ రోజు ఇసుకలో సగంలో ఆగిపోయిన వాదననే ఇక్కడ పూర్తి చేయాలని చూస్తున్నాను. ఉగ్రవాదాన్ని అణచడానికి ఒక దేశం తన సైన్యాన్ని ఇంకో దేశంలో ఏళ్ళ తరబడి ఉంచడం న్యాయమేనా? కాబూల్ గురించి అడిగితే మన జవాబు సులువుగా వచ్చేస్తుంది, ఎందుకంటే పోయింది ఇంకొకరి పిల్లలు. అందుకే జాఫ్నా గురించి అడగాలి.

*

ముందు కొంచెం వెనక్కి పోదాం. 'మనం పోలేదు' అనే మాట పాతకాలానికీ నిలవదు.

కృష్ణపట్నం 13వ శతాబ్దంలో కొల్లితురై. నెల్లూరు తెలుగు చోడుల కాలంలో దానికే గండగోపాల పట్టణమని ఇంకో పేరు. దేశదేశాల వర్తకులు దిగిన రేవు. ఈ తీరం మీద సరుకూ సైన్యమూ రెండూ ఒకే గాలివాటున ప్రయాణించాయి. అంతకు రెండు వందల యాభై ఏళ్ళ ముందు, 993 ప్రాంతంలో, రాజరాజ చోళుడు సింహళం మీదికి నౌకల్లో సైన్యాన్ని పంపాడు. కారణం ఈనాటి విదేశాంగ ప్రకటనలో పెట్టినా వింతగా ఉండదు: చోళుల శత్రువులైన పాండ్యులకీ, కేరళ రాజులకీ ఆ ద్వీపం అండగా ఉంటోంది. శత్రువుకి చోటిచ్చినవాడూ శత్రువే. అనురాధపురం నాశనమైంది. రాజరాజు కొడుకు రాజేంద్రుడు 1017లో సింహళ రాజు ఐదవ మహిందుణ్ణి పట్టి తెచ్చాడు. ఆ రాజు పన్నెండేళ్ళ తర్వాత చోళ దేశంలోనే బందీగా చనిపోయాడు.

శత్రువు అండ పోగొట్టడానికి వెళ్ళిన సైన్యం పని అయ్యాక వెనక్కి రాలేదు. పొలొన్నరువ రాజధానిగా డెబ్బై ఏళ్ళకు పైగా ఉండిపోయింది. ఆ డెబ్బై ఏళ్ళూ తిరుగుబాట్లే. చివరికి 1070లో విజయబాహు అనే సింహళ రాజు వాళ్ళను తరిమేశాడు.

సరిగ్గా ఆ ఏడాదే చోళ సింహాసనం మీదికి వచ్చింది మనవాడు. నన్నయ చేత భారతం తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుడి కొడుకు, వేంగి రాజకుమారుడు, కులోత్తుంగుడు. ఆయనేమీ శాంతిమూర్తి కాదు. తర్వాత కళింగం మీదికి పంపిన దండయాత్రలే సాక్ష్యం. కానీ సింహళం విషయంలో పోయిందాన్ని తిరిగి పట్టుకోవాలని పంతం పట్టలేదు. వదిలేశాడు. 'శుంగం తవిర్త్త' చోళుడని, అంటే సుంకాలు ఎత్తేసినవాడని పేరు తెచ్చుకున్నాడు. 1077లో ఆయన చైనాకి పంపిన రాయబార బృందంలో 72 మంది ఉన్నారు. ద్వీపం పోయినా ఆయన రాజ్యం ఏమీ కూలిపోలేదు. యాభై ఏళ్ళు ఏలాడు. వెనక్కి వస్తే పరువు పోతుందనే భయంతో ఉండిపోయే ప్రభుత్వాలు చదవాల్సిన పాఠం ఇది.

రెండో ఉదాహరణలో మనం ఇంకో వైపు ఉన్నాం. కాండీ రాజ్యాన్ని 1739 నుంచి ఏలింది మధుర వైపు నుంచి వెళ్ళిన తెలుగు నాయక వంశం. ఆ వంశంలో ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు. అతని క్రూరత్వం కట్టుకథ కాదు. ఎదురు తిరిగిన మంత్రి కుటుంబాన్ని పిల్లలతో సహా చంపించాడు. క్రూరుడైన రాజు నుంచి ప్రజలను విడిపిస్తామని చెప్పి బ్రిటిష్ సైన్యం 1815లో కాండీలోకి వచ్చింది. పెద్ద యుద్ధం కూడా జరగలేదు, ఎందుకంటే స్థానిక ప్రధానులే స్వాగతం చెప్పారు. రాజును మద్రాసు రాష్ట్రంలోని వేలూరుకి తెచ్చి నిర్బంధించారు. 1832లో అక్కడే పోయాడు. ఆయన సమాధి ఇప్పటికీ పాలారు ఒడ్డున ఉంది. మరి విడిపించడానికి వచ్చినవాళ్ళు? మూడేళ్ళు తిరక్కుండానే స్వాగతం చెప్పిన ప్రధానులే ఊవాలో తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును ఊళ్ళు తగలబెట్టి అణిచారు. ఒక క్రూరుణ్ణి దించడానికి వచ్చినవాళ్ళు 133 ఏళ్ళు ఉన్నారు.

ఆ కాలంలో దూరదేశాల్లో యుద్ధాలు చేసిన కంపెనీ సిపాయిల్లో మనవాళ్ళు ఎంతమందో. ఉత్తరాదిలో సిపాయిని 'తిలంగా' అనేవాళ్ళంటే, ఆ పేరు తెలుగుదేశపు సిపాయిల నుంచి వచ్చిందే. అయితే అందరూ మారు మాట్లాడకుండా ఓడెక్కలేదు. 1780 అక్టోబరులో విశాఖపట్నంలో సిపాయిలను హైదర్ అలీ మీద యుద్ధానికని మద్రాసు ఓడ ఎక్కమంటే, ఎక్కం అని తుపాకులు ఎదురు తిప్పారు. 1857కి 77 ఏళ్ళ ముందు. ఎవరి యుద్ధమిది, ఎంతకాలం అనే ప్రశ్న ఈ తీరానికి కొత్తది కాదు.

*

ఇక 1987.

కథ 1983 జులైలో మొదలవుతుంది. జాఫ్నాలో పులులు 13 మంది సైనికులను చంపారు. దానికి బదులుగా కొలంబోలో తమిళుల ఇళ్ళ మీద, దుకాణాల మీద రోజుల తరబడి దాడులు జరిగాయి. వేలమంది సముద్రం దాటి మన వైపు వచ్చారు. ఆ ఏడాది నుంచే భారత ప్రభుత్వం తమిళ మిలిటెంట్ గ్రూపులకు రహస్యంగా శిక్షణా ఆయుధాలూ ఇవ్వడం మొదలుపెట్టింది. అందులో పులులూ ఉన్నారు. ఈ మాట దాటేసి ముందుకు పోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. తర్వాత మన సైన్యం ఎవరితో పోరాడిందో, వాళ్ళకి తుపాకీ పట్టడం నేర్పినవాళ్ళలో మనమూ ఉన్నాం. అఫ్ఘనిస్తాన్‌లో 1980ల్లో ముజాహిదీన్‌లకు ఆయుధాలిచ్చిన అమెరికా గురించి మాట్లాడేటప్పుడు మనం కొంచెం గొంతు తగ్గించుకోవాలి.

1987 జూన్ 4న భారత విమానాలు జాఫ్నా మీద తిండిగింజలు జారవిడిచాయి. జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. అసలు ఆయుధాలు పట్టుకున్న పులులు మాత్రం అందులో సంతకందారులు కారు. మర్నాడు కొలంబోలో సైనిక వందనం తీసుకుంటున్న రాజీవ్ మీద ఒక శ్రీలంక నావికుడు తుపాకి మడమతో దెబ్బ వేశాడు. అదే రోజున భారత శాంతి పరిరక్షక దళం జాఫ్నా దగ్గర పలాలిలో దిగింది.

మొదట దిగింది 54వ పదాతి దళ డివిజన్. దాని కేంద్రం సికింద్రాబాద్. మనం రోజూ బస్సులో దాటిపోయే కంటోన్మెంటు గోడల వెనక నుంచి వెళ్ళినవాళ్ళు. వెళ్ళింది కాపలా కాయడానికి, ఆయుధాలు అప్పజెప్పించుకోవడానికి. యుద్ధానికి కాదు. తమిళ జనం దండలతో ఎదురొచ్చారు. ఆ మొదటి రోజుల్లో ఆ సైన్యం అక్కడ ఉండటం న్యాయమా అని అడిగితే నా జవాబు 'అవును'. శ్రీలంక ప్రభుత్వం పిలిచింది, తమిళులు రమ్మన్నారు, పని ఏమిటో ఒక వాక్యంలో చెప్పగలిగేటట్టు ఉంది.

ఆ ఆదరణ రెండు నెలలైనా నిలవలేదు. సెప్టెంబరులో తిలీపన్ అనే పులుల నాయకుడు భారతదేశానికి ఎదురుగా నిరాహారదీక్ష చేసి చనిపోయాడు. మన దేశానికి మన ఆయుధమే చూపించారు. అక్టోబరు మొదటి వారంలో శ్రీలంక నౌకాదళం పట్టుకున్న పులులలో 12 మంది సైనైడ్ మింగి ప్రాణం తీసుకున్నారు. పులులు తూర్పున సింహళ పౌరుల మీద పగ తీర్చుకున్నారు. అక్టోబరు 10న మన సైన్యం 'ఆపరేషన్ పవన్' మొదలుపెట్టింది. శాంతి పరిరక్షకులు యుద్ధంలో ఒక పక్షమయ్యారు.

అక్టోబరు 11 అర్ధరాత్రి, ప్రభాకరన్‌ని పట్టుకుందామని జాఫ్నా విశ్వవిద్యాలయ మైదానంలో హెలికాప్టర్ల నుంచి కమాండోలనూ, సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్ళనూ దింపారు. పులులు మన రేడియో సంభాషణలు ముందే విన్నారు. దిగిన 30 మంది సిక్కు సైనికుల్లో 29 మంది తెల్లారేసరికి చనిపోయారు. ఒక్కడు బందీగా చిక్కాడు.

పది రోజుల తర్వాత, అక్టోబరు 21న, దీపావళి రోజు, భారత సైనికులు జాఫ్నా ఆసుపత్రిలోకి వెళ్ళారు. అక్కడి నుంచి పులులు కాల్పులు జరిపారని సైన్యం అంది. రెండు రోజుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు కలిసి డెబ్బై మంది దాకా చనిపోయారు. వీళ్ళలో ఇరవై మందికి పైగా ఆసుపత్రి సిబ్బంది.

ఈ రెండు రాత్రులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మైదానంలో చచ్చిపోయిన కుర్రాళ్ళకి ఆ ఊరు తెలీదు, భాష తెలీదు, శత్రువు మొహం తెలీదు. ఆసుపత్రిలో చచ్చిపోయినవాళ్ళకి, మూడు నెలల కింద దండలు వేసి పిలుచుకున్న సైన్యం ఎందుకు కాలుస్తోందో తెలీదు. ఒకదాని కోపం రెండోదాన్లోకి ప్రవహించింది అనుకోవడానికి సైనిక శాస్త్రం అక్కర్లేదు, మనిషి తెలిస్తే చాలు. కానీ అర్థం చేసుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు.

*

ఉగ్రవాదంతో పోరాటం మామూలు యుద్ధం కాదు. శత్రువుకి యూనిఫాం ఉండదు. పగలు కిరాణా కొట్టులో ఉన్నవాడు రాత్రి మందుపాతర పెడతాడు. వాణ్ణి గుర్తుపట్టగలిగేది ఆ వీధిలోవాళ్ళే. వాళ్ళు చెప్పాలంటే నమ్మకం ఉండాలి. నమ్మకం ఉండాలంటే వాళ్ళ మాట అర్థం కావాలి. పంజాబ్ నుంచో, రాజస్థాన్ నుంచో వచ్చిన జవాను తమిళ ఊళ్ళో చెక్‌పోస్టు దగ్గర నిలబడి ఎవణ్ణి ఆపాలి, ఎవణ్ణి పోనివ్వాలి? ముసుగేసుకున్న ఇన్‌ఫార్మర్‌ని కూచోబెట్టి, ఊళ్ళో మగవాళ్ళందర్నీ వరసగా నడిపిస్తారు. ముసుగు తల ఊపితే ఒక మనిషి మాయమవుతాడు. ఆ తల ఊపడంలో పాత పగలు ఎన్నో, నిజాలు ఎన్నో ఎవరు చెప్పగలరు?

అలా ప్రతి నెలా సైన్యం కొంతమంది పులులను చంపుతుంది, ఇంకొంతమందిని తయారు చేస్తుంది. సైన్యం ఎంత క్రమశిక్షణ గలదైనా ఈ లెక్క తప్పదు. 1989 ఆగస్టు 2న పులులు దాడి చేసిన తర్వాత వల్వెట్టిత్తురైలో యాభై మందికి పైగా పౌరులు చనిపోయారు. ఆ ఊరు ప్రభాకరన్ పుట్టిన ఊరు.

ఈ కథలో నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళేది ఒక మనిషి దగ్గరికి. రజనీ తిరణగమ జాఫ్నా విశ్వవిద్యాలయంలో అనాటమీ ప్రొఫెసర్. మన సైన్యం ఉన్న రోజుల్లో ముగ్గురు సహోద్యోగులతో కలిసి 'ది బ్రోకెన్ పామైరా' అనే పుస్తకం రాసింది. విరిగిన తాటిచెట్టు. మా కృష్ణపట్నం ఒడ్డున ఉన్న తాటిచెట్టే అక్కడా ఉంది, అది జాఫ్నాకి గుర్తు. ఆ పుస్తకం భారత సైన్యం చేసిన హత్యల్ని, అత్యాచారాల్ని రాసింది. శ్రీలంక సైన్యం చేసినవి రాసింది. పులులు సొంత జనానికి చేసినవీ అంతే సూటిగా రాసింది. ఇంతమంది మధ్య ఎవరి పక్షమూ చేరకుండా మామూలు మనిషి పక్షాన నిలబడటం ఎంత కష్టమో, ఎంత ఒంటరో అందులో తెలుస్తుంది. 1989 సెప్టెంబరు 21న ఆమె యూనివర్సిటీ నుంచి సైకిల్ మీద ఇంటికి వస్తుంటే కాల్చి చంపారు. చంపింది పులులేనని ఆమె సహచరులు అన్నారు. ఆమెకి ముప్పై అయిదేళ్ళు. అప్పటికి ఆ ద్వీపంలో వేలకు వేలుగా మన సైనికులు ఉన్నారు. ఉగ్రవాదం నుంచి కాపాడటానికి వెళ్ళిన సైన్యం, ఉగ్రవాదానికి ఎదురుగా రాసిన ఒక్క మనిషిని కాపాడలేకపోయింది.

*

అప్పటికి ద్వీపంలో మనల్ని ఎవరూ రమ్మనడం లేదు. దక్షిణాన జేవీపీ, భారత వ్యతిరేకతనే నిప్పుగా చేసుకుని, రెండో తిరుగుబాటు లేపింది. దాన్ని అణచడంలో వేలాదిమంది సింహళ యువకులు చచ్చిపోయారు. ఉత్తరాన శాంతికోసం పోయిన సైన్యం దక్షిణాన అగ్గి రాజేసింది. 1989 జనవరిలో అధ్యక్షుడైన ప్రేమదాస, జులై 29కల్లా మీ సైన్యం వెళ్ళిపోవాలి అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. మనతో పోరాడటానికి పులులకే ఆయుధాలు అందించాడు. ఏ ప్రభుత్వాన్ని పులుల నుంచి కాపాడటానికి ఒప్పందం చేసుకున్నామో ఆ ప్రభుత్వమూ పులులూ కలిసి మనల్ని వెళ్ళగొట్టడానికి చేతులు కలిపారు. నా దృష్టిలో ఆ సైన్యానికి ఉన్న న్యాయం ఆ రోజుతో పూర్తిగా అయిపోయింది.

ఆ కాలంలో మన విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు. సైన్యాన్ని వెనక్కి తీసుకునే ఒప్పందం 1989 సెప్టెంబరులో ఆయన మంత్రిగా ఉండగానే కుదిరింది. పని పూర్తి చేసింది ఎన్.టి.రామారావు అధ్యక్షుడుగా ఉన్న నేషనల్ ఫ్రంట్ తరఫున ప్రధాని అయిన వి.పి.సింగ్. 1990 మార్చి 24న ఆఖరి దళాలు ట్రింకోమలిలో ఓడెక్కాయి. ఆ సైన్యం మద్రాసులో దిగినప్పుడు స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. చంపినది తమిళులను కాబట్టి వెళ్ళనన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ ఓడ దిగిన జవాన్ల మొహాలు తల్చుకుంటే, వాళ్ళని పంపినవాళ్ళు చేసినదానికి వాళ్ళని శిక్షించడం ఏం న్యాయం అనీ అనిపిస్తుంది.

ఏడాది తర్వాత 1991 మే 21న రాజీవ్ గాంధీ ఎన్నికల ప్రచారంలో విశాఖపట్నం వచ్చాడు. సాయంత్రం విమానంలో సాంకేతిక లోపం వచ్చి, ప్రయాణం ఆగిపోతుందనే అనుకున్నారు. అది బాగైంది. మద్రాసు వెళ్ళాడు, అక్కడి నుంచి రోడ్డు మీద శ్రీపెరుంబుదూరు. రాత్రి పది దాటాక పులులు పంపిన ఆత్మాహుతి బాంబు. నెల తిరిగేసరికి పి.వి. ప్రధానమంత్రి. 1993 మే 1న, తమకు ఆయుధాలిచ్చిన ప్రేమదాసనూ పులులే చంపారు.

*

ఇక్కడ నా వాదనకి ఎదురయ్యే గట్టి ప్రశ్న ఉంది. దాన్ని తప్పించుకుంటే మోసం.

మనం వచ్చేశాక ఏం జరిగింది? 1990 జూన్‌లో తూర్పున లొంగిపోయిన వందలాది పోలీసులను పులులు కాల్చి చంపారు. ఆ అక్టోబరులో ఉత్తర ప్రాంతపు ముస్లింలు, సుమారు 70 వేలమంది, చేతికందిన మూటతో ఇళ్ళు వదిలి పొమ్మన్న హుకుంకి వెళ్ళిపోయారు. మన సైన్యం నీడలో పోటీ గ్రూపులు బలవంతంగా తుపాకులు పట్టించిన పిల్లలు పులుల చేతికి చిక్కారు. యుద్ధం ఇంకో 19 ఏళ్ళు నడిచి 2009 మేలో, పదుల వేల పౌరుల శవాల మీద ముగిసింది. మరి ఉండిపోతే ఇది జరిగేది కాదేమో? కాబూల్ గురించి మా వాడు వేసిన ప్రశ్న ఇదే. ఆడపిల్లల్ని వదిలేసి ఎలా వస్తారు?

రావడం కూడా హింసే. ఒప్పుకుంటున్నాను. ఒక సైన్యం ఎక్కడికన్నా వెళ్తే దాన్ని నమ్మి మాట్లాడినవాళ్ళు, దారి చూపినవాళ్ళు, దాని కింద పదవులు పుచ్చుకున్నవాళ్ళు ఉంటారు. అది వెళ్ళిపోయే రోజున చచ్చేది వాళ్ళే. ఆ బాకీ వెళ్ళినవాళ్ళదే. కానీ ఆ బాకీ ఉండిపోతే తీరేది కాదు, పెరుగుతుంది. ఆ పిల్లలకి తుపాకులు పట్టించింది మన ఉనికి నిలబెట్టుకోవడానికే. ఇంకో అయిదేళ్ళు ఉండి ఉంటే ఇంకెంతమంది పిల్లలకి పట్టించి ఉండేవాళ్ళం? పోయిన ప్రాణాలకి విలువ కట్టాలంటే ఉండిపోవాలి అనే తర్కం ప్రతి యుద్ధంలోనూ వస్తుంది. జూదంలో పోగొట్టుకున్నవాడు ఇంకో ఆట ఆడతాననడం లాంటిదే అది. ధర్మరాజు కథ తెలిసిన మనకి అది విడమర్చి చెప్పక్కర్లేదు.

అలాగని 'ఎప్పుడూ వెళ్ళకూడదు' అని నేను అనలేను. మన చరిత్రే వద్దంటుంది. 1971లో తూర్పు బెంగాల్‌లో ఊచకోత జరుగుతుంటే మన సైన్యం వెళ్ళింది. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. 1972 మార్చికల్లా మనవాళ్ళు వెనక్కి వచ్చేశారు. కొత్త దేశానికి తన జనమూ, తన నాయకత్వమూ ఉన్నాయి, మన కాపలా అక్కర్లేదు. 1988 నవంబరు 3న మాల్దీవుల్లో శ్రీలంక తమిళ కిరాయి సాయుధుల సాయంతో కుట్ర జరిగితే, అక్కడి అధ్యక్షుడు పిలిచాడు. ఆగ్రా నుంచి పారాట్రూపర్లు ఆ రాత్రే దిగారు. బందీలతో ఓడలో పారిపోతున్నవాళ్ళను 'ఐఎన్‌ఎస్ గోదావరి', 'ఐఎన్‌ఎస్ బేత్వా' వెంటాడి పట్టుకున్నాయి. కొన్ని రోజుల్లో పని ముగిసింది. ఎక్కువమంది వెనక్కి వచ్చారు, మిగిలిన కొద్దిమందీ ఏడాదికి వచ్చేశారు. అదే దేశం, అదే ప్రధాని, అదే సముద్రం. అదే నెలలో జాఫ్నాలో మనవాళ్ళు చస్తూనే ఉన్నారు, చంపుతూనే ఉన్నారు.

తేడా ధైర్యంలో లేదు, ఆయుధాల్లో లేదు. మాల్దీవుల్లో పని తుపాకీతో అయ్యేది. జాఫ్నాలో కావాల్సింది సింహళ ప్రభుత్వం తమిళులతో అధికారం పంచుకోవడం. అది తుపాకీతో కాదు. రాజకీయం చెయ్యాల్సిన పనిని సైన్యానికి అప్పజెప్పినప్పుడు అది ఎప్పటికీ పూర్తికాదు. పూర్తికాని పనే 'ఇంకొన్నాళ్ళు' అంటుంది. అఫ్ఘనిస్తాన్‌లోనూ 2001 అక్టోబరులో దాడి చేసినవాళ్ళను వెతకడానికి అని మొదలైంది, తర్వాత ఒక దేశాన్ని కొత్తగా కట్టడం అయింది. ఇరవై ఏళ్ళలో 2,400 మందికి పైగా అమెరికన్ సైనికులు, పదుల వేలమంది అఫ్ఘన్ పౌరులు పోయారు. 2021 ఆగస్టు 15న తాలిబన్లు కాబూల్‌లోకి నడిచొచ్చారు.

జాఫ్నా వృథా పోలేదు అనుకోవడానికి ఒక చిన్న కారణం ఉంది. 2003లో ఇరాక్‌కి సైన్యం పంపమని అమెరికా అడిగింది. ఇక్కడ కూడా పంపాలన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. జులై 14న వాజ్‌పేయి ప్రభుత్వం పంపం అని తేల్చింది. ఐక్యరాజ్యసమితి అనుమతి లేకపోవడం పైకి చెప్పిన కారణం. ఆ గదిలో కూచున్నవాళ్ళలో ఎవరికీ 1987 గుర్తు రాలేదంటే నేను నమ్మను.

అందుకే నా జవాబు ఇది. వెళ్ళడానికి ఒక న్యాయం ఉండొచ్చు. అది ఉండిపోవడానికి సరిపోదు. ఉండిపోవడానికి వేరే న్యాయం కావాలి, దాన్ని ప్రతి నెలా కొత్తగా రుజువు చేసుకోవాలి. ఆ రుజువు అడగాల్సింది పంపిన దేశపు పార్లమెంటును కాదు, ఎవరి వీధిలో చెక్‌పోస్టు ఉందో వాళ్ళని. వాళ్ళు వద్దన్న రోజు నుంచి సైన్యం అక్కడ ఉన్న ప్రతి రోజూ, ఎదుటివాడు ఎంత దుర్మార్గుడైనా సరే, అన్యాయమే.

*

కృష్ణపట్నం కొత్త రేవును 2008 జులై 17న సోనియా గాంధీ జాతికి అంకితం చేసింది. ఆ రోజు ఆమె చూసిన సముద్రానికి దక్షిణాన యుద్ధం ఇంకా జరుగుతూనే ఉంది. ఆమె ఏం ఆలోచించిందో మనకి తెలీదు. ఆ ఏడాదే కొలంబో పక్కన శ్రీలంక ప్రభుత్వం ఒక స్మారకం కట్టించింది. మన సైనికుల పేర్లు నల్లరాతి మీద చెక్కించింది. వెళ్ళగొట్టిన దేశం చాన్నాళ్ళకైనా పేర్లు చెక్కింది. వాళ్ళని పంపిన మనం ఇంతవరకూ ఆ కథని మన పిల్లలకి చెప్పలేదు.

ఆ సాయంత్రం మా నెల్లూరు మిత్రుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఓడ ఒకటి, ఏ దేశానిదో, మెల్లిగా దక్షిణానికి తిరిగింది. కారెక్కేటప్పుడు అడిగాడు: "పన్నెండొందల మంది అన్నావు గదా. మనోళ్ళు. మరి వాళ్ళోళ్ళెంతమంది పోయినార్రా?"

సరైన ప్రశ్న అదే. దానికి ఎవరి దగ్గరా ఒప్పుకున్న లెక్క లేదు. మన 1,200 మందికి పేర్లున్నాయి, రాయి ఉంది. వాళ్ళకి విరిగిన తాటిచెట్టు ఉంది.